ఇన్‌స్పెక్టర్ విటాల్ అసలు పని నవలలు రాయడం

మా ఫిల్మ్ క్లబ్‌లో ఫ్రెంచ్ సినిమా వేసే ముందు నాలుగు ముక్కలు పరిచయం చెప్పడం నా పని. సినిమాల్లోనూ కనిపించిన ఫ్రెంచ్ రచయిత దానియెల్ బులాంజే (1922–2014) పేరెత్తితే చిక్కే. సినిమావాళ్లు ఆయన పుస్తకాలు చదవరు, చదివేవాళ్లు ఆయన మొహం గుర్తుపట్టరు.

అపోహ: ఆయన నటుడు, తీరిక దొరికితే కథలు రాసేవారు.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. కొంపియేన్‌లో పుట్టిన బులాంజే నవలలు, కథలు, కవితలు, నాటకాలు రాశారు. 1974లో ఫ్రాన్స్‌లో కథలకిచ్చే గోంకూర్ పురస్కారం వచ్చింది. 1983 నుంచి 2008 దాకా గోంకూర్ అకాడమీ సభ్యుడు, అంటే ఏటా నవలకిచ్చే అసలు గోంకూర్ బహుమతి ఎవరికో తేల్చే 10 మందిలో ఒకరు. దీన్ని ఫ్రెంచ్ అకాడమీ అనుకుంటారు చాలామంది. అది వేరు, అక్కడ 40 మంది.

అపోహ: రచయిత తెరమీద కనిపించాడంటే స్నేహితుడి కోసం ఒక్క షాట్ సరదా.

వాస్తవం: 'బ్రెత్‌లెస్' (1960) చివర చూడండి. తూటా తగిలిన హీరో బెల్మోండో పరుగెత్తి పరుగెత్తి నడిరోడ్డు మీద పడిపోతాడు. ఏదో తిట్టులా గొణిగి కన్నుమూస్తాడు. ఏమన్నాడని హీరోయిన్ జీన్ సీబర్గ్ అడుగుతుంది. జవాబు చెప్పేది ఇన్‌స్పెక్టర్ విటాల్, అంటే బులాంజే. ఉన్నదున్నట్టు చెబితేగా! తిట్టును సూటిగా ఆమె మీదికే తిప్పేస్తాడు. సినిమా మొత్తానికి నాకు చురుక్కుమనిపించేది అక్కడే.

దర్శకుడు త్రుఫో అయితే ఆయన్ని వదల్లేదు. 'షూట్ ద పియానో ప్లేయర్'లో కిడ్నాపర్, 'ద బ్రైడ్ వోర్ బ్లాక్'లో పెళ్లికూతురి పగకు బలయ్యే ఐదుగురిలో ఆఖరివాడు. 'బెడ్ అండ్ బోర్డ్' (1970)లో పక్కింటి ఒపెరా గాయకుడు. భార్య తెమలడం ఆలస్యమైందని ఆమె కోటూ, బ్యాగూ మెట్ల మీద నుంచి కిందికి విసిరేస్తాడు. చివర్లో హీరో కూడా అచ్చం అదే పని చేస్తాడు. నన్నడిగితే ఆయన వేసిన వాటిల్లో ఇదే మేలైన వేషం.

అపోహ: న్యూవేవ్‌లో, అంటే ఆ రోజుల ఫ్రెంచ్ కొత్తతరం సినిమాలో, స్క్రిప్టే లేదు, ఇక రచయితతో పనేముంది?

వాస్తవం: 'బ్రెత్‌లెస్' తీసిన గోదార్ ఏ రోజు డైలాగులు ఆ రోజే రాసి ఇచ్చింది నిజమే. అందరూ అలా కాదు. త్రుఫో దగ్గర అసిస్టెంటుగా చేసిన దర్శకుడు ఫిలిప్ ద బ్రొకాకి బులాంజే వరసగా రాశారు. 'దట్ మ్యాన్ ఫ్రమ్ రియో' (1964) స్క్రీన్‌ప్లేకి మిగతా ముగ్గురు రచయితలతో పాటు ఆయనకూ ఆస్కార్ నామినేషన్ దక్కింది. హీరో ఎవరనుకున్నారు? బెల్మోండోనే. 'కింగ్ ఆఫ్ హార్ట్స్' (1966) ఫ్రాన్స్‌లో ఆడలేదు గానీ, అమెరికాలో కేంబ్రిడ్జ్‌లోని ఒక థియేటర్ దాన్ని ఏళ్ల తరబడి వేసింది.