ఖర్జూరం గల్ఫ్ నించి వచ్చింది, పురుగు మాత్రం మనూరిదే

పోయిన ఎండాకాలం ఉదయగిరి దాటి సీతారామపురం రోడ్డులో ఉండే మా పెదనాయన కొడుకు తోటకి పోయాను. పద్నాలుగేళ్ళు కువైట్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చి, ఉన్న ఎకరన్నర ఎర్రనేలలో బర్హీ రకం టిష్యూ కల్చర్ ఖర్జూరం పెట్టుకున్నాడు, నాలుగో ఏడు నడుస్తా ఉంది. ఒక చెట్టుకి మొవ్వు పక్కకి వాలి ఉంటే అన్న చేత్తో పట్టి లాగాడు, అంతే, ఊడి చేతికొచ్చేసింది. లోపల నించి గుప్పున పులిసిన కల్లు వాసన, పీచుతో చుట్టుకున్న గూళ్ళు నాలుగైదు, బొటనవేలు లావున కాళ్ళు లేని తెల్ల పురుగులు. "చూడబ్బయ్యా, కువైట్‌లో చూసిన దరిద్రమే ఇది, మొక్కల్తో పాటు ఇక్కడికి కూడా వచ్చేసింది" అన్నాడు. నేను కూడా నిజమే అనుకున్నా. తర్వాత ఇంటికొచ్చి దీని గురించి చదవడం మొదలుపెడితే కథ పూర్తిగా రివర్స్‌లో ఉంది. ఆ పురుగు అక్కడి నించి ఇక్కడికి రాలా, ఇటువైపు నించే అటు పోయింది.

అసలు టిష్యూ కల్చర్ మొక్క లాబ్‌లో సీసాలో పుడతాది, దాంట్లో ఈ పురుగు దూరి వచ్చే చాన్సే లేదు. మరి అన్న తోటలోకి ఎట్లా వచ్చింది అంటే, చేను గట్టు మీద ఈత చెట్లు ఉన్నాయి, వాగు పక్కన ఇంకా ఉన్నాయి, తాడి చెట్ల సంగతి చెప్పక్కర్లేదు. ఈతకీ ఖర్జూరానికీ ఒకటే కులం, ఫీనిక్స్ అనే జాతిలో రెండూ అన్నదమ్ములు. ఇక్కడ ఈత మీదో కొబ్బరి మీదో బతికే పురుగుకి పక్కన లేత ఖర్జూరం దొరికితే ఊరుకుంటాదా.

పురుగు పేరు ఎర్రముక్కు పురుగు. కావలి, ఉలవపాడు వైపు కొబ్బరి చెట్లున్న వాళ్ళకి తెలిసిందే. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దీని సొంతూరు. బీహార్‌లోని పూసాలో ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన మాక్స్‌వెల్ లెఫ్రాయ్ అనే ఇంగ్లీషాయన 1906లో కొబ్బరికి ఇది ప్రమాదం అని రాశాడు, 1917కల్లా మన దేశంలోనే ఖర్జూరం మీద కూడా కనపడింది. (ఈ లెఫ్రాయ్ తర్వాత లండన్ పోయి పురుగుల్ని చంపే గ్యాస్ మీద ప్రయోగాలు చేస్తా, 1925లో ఆ గ్యాసే పీల్చి చనిపోయాడు. ఈ సబ్జెక్టు మొత్తానికి ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఏముంటదో నాకైతే తెలీదు.)

ఆడ పురుగు ముక్కుతో మెత్తటి చోట బొక్క పెట్టి, లేకపోతే చెట్టుకి ఆల్రెడీ ఉన్న గాయంలో, రెండు మూడు వందల గుడ్లు పెడతాది. పిల్లలు లోపలికి తొలుచుకుంటా పోతాయి, మూడు నాలుగు నెల్లకి ఒక తరం పూర్తి. బయటికి ఏమీ కనపడదు, అదే దీంతో వచ్చిన చిక్కు. గోధుమ రంగు జిగురు కారడం, నమిలిన పీచు బయటికి రావడం, కాండానికి చెవి ఆనిస్తే కరకరమని శబ్దం, ఇవి తెలిసేలోపు సగం పని అయిపోయి ఉంటాది. మన దగ్గర ఇన్నేళ్ళు ఇది పెద్ద గోల కాకపోవడానికి నా లెక్క ఏందంటే, ఈతలు తాళ్ళు చెదురుమదురుగా ఉండేవి, పైగా కల్లు గీసేవాళ్ళు రోజూ మోకు వేసుకుని ఎక్కేవాళ్ళు. గీసిన గాయం పురుగుని పిలుస్తాది, అది నిజమే, కానీ రోజుకి రెండు సార్లు మొవ్వు దగ్గర మనిషి కళ్ళు ఉండేవి కదా, ఇప్పుడు ఎవురెక్కతా ఉన్నారు చెట్లు.

ఇంక గల్ఫ్ సంగతి. 1980ల్లో నెల్లూరు, కడప జిల్లాల నించి మనోళ్ళు గల్ఫ్‌కి పోవడం బాగా పెరిగిన రోజుల్లోనే ఈ పురుగు కూడా పోయింది, దానికి వీసా అక్కర్లేదు కాబట్టి ఇంకా సులభంగా. 1985లో యుఎఈలో దొరికింది, 1987లో సౌదీలో, 1990లో ఇరాన్‌లో, 1992లో ఈజిప్టులో, అక్కడి నించి స్పెయిన్ దాకా. ఎట్లా పోయిందంటే ఎగరతా పోలా, లారీల్లో ఓడల్లో పోయింది. ఖర్జూరం తల్లి చెట్టు మొదట్లో వచ్చే పిలకల్ని కోసి ఒక చోటు నించి ఇంకో చోటికి అమ్ముతారు, అలంకారానికని పెద్ద పెద్ద చెట్లే వేర్లతో సహా పీక్కొని తీసకపోతారు, వాటి కడుపులో పురుగు టికెట్ లేని ప్రయాణం చేసింది. అక్కడేమో తోటంతా ఒకటే రకం, ఒకటే వయసు, మొదట్లో ఎప్పుడూ నీళ్ళు నిలబడి తేమ, పురుగుకి పెళ్ళి భోజనం లాంటిది. చివరికి 2017 మార్చిలో రోమ్‌లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ళు ఈ ఒక్క పురుగు కోసం దేశదేశాల మంత్రుల్నీ సైంటిస్టుల్నీ కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాల్సొచ్చింది.

ఖర్జూరం తోటల్లో మందు లేకుండా పురుగుల్ని పట్టడం ఇప్పటి ఆర్గానిక్ ఫ్యాషన్ అనుకుంటారు చాలా మంది, కానీ దానికి ఉన్న చరిత్ర చూస్తే మందులే నిన్న మొన్నటివి. పీటర్ ఫోర్‌స్కాల్ అని ఒకాయన డెన్మార్క్ రాజు పంపిన టీమ్‌తో యెమెన్ పోయి 1763లో అక్కడే మలేరియాతో పోయాడు, ఆయన రాసుకున్న నోట్సుని తోటివాడు నీబూర్ 1775లో అచ్చేయించాడు. అందులో ఉంది, యెమెన్ రైతులు ఖర్జూరాల్ని పాడుచేసే చీమల మీదకి ఏటా కొండల నించి ఇంకో జాతి చీమల్ని గూళ్ళతో తెచ్చి చెట్ల మీద వదిలేవాళ్ళంట. చైనాలో అయితే 304వ సంవత్సరం నాటికే నారింజ తోటల కోసం సంచుల్లో చీమ గూళ్ళు అమ్మేవాళ్ళు. ఆ చీమలు ఇంకేవో కాదు, ఉలవపాడు మామిడి తోటల్లో ఆకులు కుట్టి గూడు కట్టి, కాయ కోసేవాణ్ణి కుట్టి చంపే ఎర్ర చీమల బాపతే. మనమేమో వాటి మీద కిరసనాయిలు పోస్తాం.

మధ్యలో ఒక యాభై అరవై ఏళ్ళు మందుల రాజ్యం నడిచింది. కొబ్బరి మొవ్వులో, మట్టల సందుల్లో ఇసకలో బిహెచ్‌సి పౌడర్ కలిపి పోయమనేవాళ్ళు, దాన్నే ఊళ్ళల్లో గమాక్సిన్ అనేవాళ్ళు, అది తెలీని ఇల్లు లేదు, నా చిన్నప్పుడు ఆ డబ్బా బియ్యం బస్తా పక్కనే ఉండేది. 1997లో బిహెచ్‌సి నిషేధించారు. కాండంలోకి ఎక్కించమని చెప్పిన కార్బరిల్ అనే మందు కూడా 2018లో నిషేధంలో పోయింది. లేత వేరుని కోసి మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు పోసిన కవరు కట్టి తాగించే పద్ధతి ఇంకా చాలా మంది నోట్లో ఉంది, కట్టాక 45 రోజులు కాయ కొయ్యకూడదు అని కూడా చెప్పేవాళ్ళు, ఆ 45 రోజులు ఎవురు లెక్కపెట్టారో దేవుడికెరుక, దాని మీద కూడా 2023లో నిషేధం నోటిఫికేషన్ వచ్చింది. ఇంతకీ పైన స్ప్రే చేసిన మందు కాండం లోపలున్న పురుగుకి తగలనే తగలదు, చచ్చేది బయట తిరిగే మంచి పురుగులు.

అసలు మలుపు 1993లో వచ్చింది. ఈ పురుగుల్లో మగది ఒక వాసన వదలతాది, దాన్ని ఆ ఏడు గుర్తుపట్టి ఫెర్రుజినియాల్ అని పేరు పెట్టారు, లాబ్‌లో తయారు చేయడం కూడా కుదిరింది. మన వ్యవసాయ పుస్తకాల్లో దీన్ని లింగాకర్షక ఎర అని రాస్తారు గానీ ఆ మాట పూర్తిగా కరెక్టు కాదు, ఎందుకంటే ఈ వాసనకి ఆడవీ మగవీ రెండూ వస్తాయి, "రండ్రా ఇక్కడ తిండి ఉంది" అని ఊరందర్నీ పిలిచే వాసన అది. ఆడవి ఎక్కువ పడతాయి, మనకి కావాల్సింది కూడా అదే, ఎందుకంటే ఒక్క ఆడది పడితే రెండొందల గుడ్లు ఆగినట్టు. బకెట్‌కి పక్కన బొక్కలు పెట్టి, పైన ఈ వాసన ఎర (ల్యూర్) వేలాడగట్టి, అడుగున నీళ్ళల్లో చెరుకు ముక్కలో పండిన ఖర్జూరాలో వేస్తారు. అవి పులిస్తేనే పని జరిగేది, ఉత్త ల్యూర్ సరిపోదు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కల్లుకుండ చుట్టూ ఈ పురుగులు ముసరతాయని గీసేవాళ్ళకి ఎప్పటి నించో తెలుసు కదా, కల్లు పోసి వీటిని పట్టే పద్ధతి కూడా ముందు నించే ఉంది.

ఎర్రముక్కు దానికి దారి చూపించేది కొమ్ము పురుగు, దాన్ని వదిలేసి దీన్ని పట్టుకుంటే లాభం లేదు. కొమ్ము పురుగు మొవ్వు తొలిచి గాయం చేస్తాది, ఆ గాయంలోకి ముక్కుది వస్తాది. కొమ్ము పురుగు పిల్లలు పెరిగేది మన పేడదిబ్బలో. ఏడాది పొడుగునా దిబ్బ కదిలించకుండా పెట్టుకుని చెట్టుకి మందు కొట్టడం అంటే ఇంట్లో దొంగని పెట్టుకుని గేటుకి తాళం వేసినట్టు. ఆ దిబ్బలో మెటారైజియం అనే పచ్చబూజు కలపమంటారు, పురుగుల మీద ఈ బూజుని 1879లో రష్యా సైంటిస్ట్ మెచ్నికాఫ్ ఒడెస్సా దగ్గర గోధుమ చేలల్లో కనిపెట్టాడు. 1963లో మలేషియాలో హూగర్ అనే ఆయన ఈ కొమ్ము పురుగుకే జబ్బు చేసే వైరస్ ఒకటి పట్టుకున్నాడు, 1967లో సమోవా దీవుల్లో వదిలితే బాగా పనిచేసింది. మన చేతిలో ఉన్నది చెప్పాలంటే కిలో ఆముదం పిండి అయిదు లీటర్ల నీళ్ళల్లో నానబెట్టి కుండల్లో తోటలో పెడితే పెద్ద పురుగులు వచ్చి పడతాయి, మట్టల సందుల్లో గమాక్సిన్ బదులు వేపపిండి ఇసక.

మందు కొడితే చచ్చేది మంచి పురుగులే అన్నాను కదా, దానికి ఉదాహరణగా తెల్లదోమ గురించి రెండు ముక్కలు. 2016లో తమిళనాడు పొల్లాచ్చిలో కొబ్బరి మీద కనపడిన సర్పిలాకార తెల్లదోమ మన కోస్తాకి కూడా వచ్చింది, అప్పుడు మందులు కొట్టిన తోటల్లో ఆ తెల్లదోమని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి కందిరీగ కూడా చచ్చిపోద్ది కాబట్టి కొట్టొద్దు అని శాస్త్రవేత్తలే చెప్పారు. అంబాజీపేట రీసెర్చ్ స్టేషన్ వాళ్ళు దీనికి ఐసేరియా అనే బూజు మందు తయారు చేసి ఇస్తా ఉన్నారు.

గెలవడం కుదరదా అంటే కుదిరిన చోటు ఉంది, కెనరీ దీవుల్లో 2005లో ఎర్రముక్కు పురుగు దొరికితే బయటి చెట్లు రానీకుండా ఆపి, పట్టిన చెట్లు తీసేసి, ట్రాపులు పెట్టి, 2016లో లేదని ప్రకటించారు. కానీ అది దీవి, పురుగు అక్కడికి కొత్త చుట్టం. మన ఈత వనాల్లో నించి దీన్ని లేకుండా చేయడం జరిగే పని కాదు, తోటలో తగ్గించుకుంటా పోవడమే.

అన్న ఆ చెట్టు పీకించి ముక్కలు చేయించి తగలబెట్టాడు. మూడు బకెట్లు తెచ్చాడు గానీ తెలీక లేత మొక్కల మొదట్లోనే కట్టాడు, వాసనకి వచ్చిన పురుగు బకెట్లో పడకపోతే పక్కన మొక్కలోకే పోద్ది కదా అని చెప్పి, గట్టు మీద ఈత చెట్ల నీడలోకి మార్పించాము. పిలక కోసిన గాయానికి ఆ రోజే మట్టి పూస్తా ఉన్నాడు, దిబ్బ కూడా తిరగేయించాడు. మొన్న ఫోన్ చేసి రెండు వారాలకి పదకొండు పడ్డాయి అన్నాడు. ఆడవెన్ని అని అడిగితే "నాకేం తెలుసబ్బా" అన్నాడు, ముక్కు మీద బ్రష్షు మాదిరి వెంట్రుకలు ఉంటే మగది, నున్నగా ఉంటే ఆడది అని చెప్పి, కళ్ళజోడు పెట్టుకుని చూడమన్నాను. కాసేపాగి మెసేజ్ పెట్టాడు, నున్నటివి ఎనిమిది.