ఒక్క కుంట సరిపోని జీవి

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, దాన్నే తిరగేసి లోపలికి దూర్చితే బోను తయారవుతుంది. లోపలికి వెళ్లిన జీవికి బయటికి దారి దొరకదు. ఇంగ్లండులో వసంతం రాగానే జీవశాస్త్రవేత్తలు ఇలాంటి సీసాలను సాయంత్రం పూట కుంట అంచున, కాస్త గాలి లోపల మిగిలేలా గుచ్చి, తెల్లవారగానే వచ్చి చూస్తారు. వాళ్లు వెతికేది గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ కోసం. అది కనిపిస్తే పక్కన ఇళ్లు కట్టాలనుకున్న బిల్డర్ లెక్కలన్నీ మారిపోతాయి.

న్యూట్‌కి తెలుగులో పేరు లేదు. మన నేల మీద ఆ జీవే లేదు మరి. దాని చుట్టాన్ని చూడాలంటే డార్జిలింగ్ కొండల దాకా వెళ్లాలి. బల్లిలా కనిపిస్తుంది గానీ కప్పలాగే ఉభయచరం. దాదాపు 15 సెంటీమీటర్ల పొడవు, గరుకైన నల్లటి ఒళ్లు, నారింజ రంగు పొట్ట. పొట్ట మీది మచ్చలు మన వేలిముద్రల్లాగే ఒక్కోదానికి ఒక్కో తీరు. జతకట్టే కాలంలో మగదాని వీపు మీద రంపం పళ్లలాంటి తురాయి లేస్తుంది.

ఆడది గుడ్లు పెట్టే ఓపిక చూసి తీరాలి. నీటిమొక్క ఆకును వెనక కాళ్లతో పట్టుకుని, ఒకే ఒక్క గుడ్డు పెట్టి, ఆకును దాని మీదికి మడిచేస్తుంది. తర్వాత ఇంకో ఆకు. అలా ఏడాదికి 200 నుంచి 300 గుడ్లు. ఇంత కష్టపడ్డా అందులో సగం పిండాలు బతకవు. ఈ జాతిలో 1వ క్రోమోజోముకు రెండు రూపాలున్నాయి. తల్లి నుంచి, తండ్రి నుంచి ఒకే రూపం అందిన పిండం పొదగకముందే చచ్చిపోతుంది.

1981 నాటి వన్యప్రాణి చట్టం, ఆపై 1992 నాటి ఐరోపా ఆదేశం దీనికి రక్షణ కల్పించాయి. లైసెన్స్ లేకుండా పట్టినా, చంపినా, అది ఉండే చోటు పాడుచేసినా ఆరు నెలల దాకా జైలు, పరిమితి లేని జరిమానా. కుంటను వదిలేసి చుట్టూ కట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. న్యూట్ నీళ్లలో గడిపేది ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా కాలమంతా గడ్డిలో, పొదల కింద, పడిపోయిన దుంగల కింద ఉంటుంది. చలికాలం అక్కడే ముడుచుకుని పడుకుంటుంది. కుంట నుంచి వందల మీటర్ల దూరం పోతుంది. అంటే ఇళ్లు లేచే ఆ ఖాళీ నేల కూడా దాని ఇల్లే.

అందుకే ఏళ్ల తరబడి ఒకటే పద్ధతి నడిచింది. ఉందో లేదో తేల్చడానికి నాలుగు సార్లు, కనబడితే ఎన్ని ఉన్నాయో అంచనా వేయడానికి ఆరు సార్లు కుంట దగ్గరికి వెళ్లాలి. ఆ తర్వాత స్థలం చుట్టూ ప్లాస్టిక్ కంచె వేసి, కంచె వెంట నేలలో బకెట్లు పాతి, వాటిలో పడ్డవాటిని రోజూ పొద్దున్నే వేరే చోటికి మోయాలి. వసంతం దాటిపోతే సర్వే మళ్లీ ఏడాదికే. 2020 జూన్‌లో ప్రధాని బోరిస్ జాన్సన్ దేశ ప్రగతికి న్యూట్‌ల లెక్కింపు అడ్డమన్నారు. 2025 జనవరిలో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ కూడా న్యూట్‌ల గురించి దిగులు మానమన్నారు. నాకు ఆ మాటలు కష్టంగా తోస్తాయి. ఆలస్యం నిజమే, కానీ తప్పు జీవిది కాదు. ఒక్కో స్థలాన్ని విడిగా చూసే పద్ధతిది. బకెట్ల కోసం పెట్టిన ఖర్చుతో కొత్త కుంట ఒక్కటీ పుట్టదు.

మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. 2014 నుంచి కుంట నీళ్లలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్లు చూసి న్యూట్ ఉందో లేదో చెప్పడానికి అధికారుల ఆమోదం దొరికింది. తర్వాత వోకింగ్ పట్టణంలో మొదలుపెట్టి, జిల్లా మొత్తానికీ ఒకే లైసెన్స్ అనే పద్ధతి తెచ్చారు. బిల్డర్ డబ్బు కడతాడు. ఆ డబ్బుతో న్యూట్‌లు నిజంగా వృద్ధి చెందే చోట కొత్త కుంటలు తవ్వి, ఏళ్ల పాటు కాపాడతారు. ఒక కుంట ఎండినా పక్కదాంట్లో సంతతి మిగులుతుంది. ఈ జీవికి కావలసింది ఇలాంటి కుంటల గుంపే.

పీటర్‌బరో దగ్గర అలాంటి చోటు ఒకటుంది. ఇటుకల కోసం యంత్రాలతో బంకమట్టి తవ్వుతూ పోతే గట్లూ గుంటలూ మిగిలాయి. గుంటల్లో వాననీళ్లు నిలిచాయి. ఎవరూ పెంచకుండానే అక్కడికి న్యూట్‌లు చేరాయి. ఇప్పుడక్కడ సుమారు 30,000 ఉన్నాయని అంచనా. ఐరోపాలోనే పెద్ద గుంపుల్లో అదొకటి. కంచెకు అవతల హాంప్టన్ అనే కొత్త ఊరు, ఇవతల వరసగా ఆ నీటిగుంటలు.