కంప్రెషన్ టైట్స్ వేస్తే పరుగు పెరుగుతుందా?

పర్లాకిమిడిలో ఫిజియోథెరపిస్టుని. శివరాత్రి వెళ్ళిన రెండో రోజు నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందిది ఒకటే బాధ. మహేంద్రగిరి కొండ ఎక్కి దిగి వచ్చారు, ఇప్పుడు ఇంటి గుమ్మం మెట్లు దిగాలన్నా తొడలు పట్టేస్తున్నాయి. ఆర్మీ సెలక్షన్లకని తెల్లారకుండానే 1600 మీటర్లు పరిగెత్తే కుర్రాళ్ళు ఇంకో వరస. వీళ్ళూ వాళ్ళూ అడిగేది కూడా ఒకటే: "సార్, కంప్రెషన్ టైట్స్ కొనమంటారా?" కాళ్ళని గట్టిగా పట్టి ఉంచే బిగుతు ప్యాంట్లు, సాక్స్ అన్నమాట.

అపోహ: వేసుకుంటే వేగం పెరుగుతుంది.

పెరగదు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో చాలావాటిలో పరుగు టైమింగ్‌లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2003 లండన్ మారథాన్‌లో బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ మోకాళ్ళ దాకా ఇలాంటి సాక్స్ వేసుకుని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ప్రపంచ రికార్డు కొట్టిన మాట నిజమే. కానీ ఆవిడ ఏళ్ళ తరబడి చేసిన సాధన సాక్స్‌తో పాటు ప్యాకెట్లో రాదు కదా! బాస్కెట్‌బాల్ ఆటగాడు అలెన్ ఐవర్సన్ చేతి స్లీవ్ కూడా అలాగే ఫ్యాషనైపోయింది. ఆయన దాన్ని మొదట తొడుక్కున్నది మోచేతి వాపు బాధకి.

అపోహ: కండల్లో పేరుకున్న లాక్టిక్ యాసిడ్‌ని పిండేస్తుంది కాబట్టి నొప్పి తగ్గుతుంది.

ఇది జిమ్ కోచ్‌లు కూడా చెప్పే మాట. పరుగు ఆపిన గంట, గంటన్నరలోపే రక్తంలో లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పేమో ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. మరి లాక్టేట్ దోషి ఎలా అవుతుంది? అసలు కారణం కొండ దిగడంలో ఉంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, అంతే. దిగేటప్పుడు ఒంటి బరువుని ఆపుతూనే తొడ కండ సాగుతుంది. అలా బరువు మీద సాగినప్పుడు కండ పోగుల్లో కంటికి కనబడనంత చిన్న దెబ్బలు తగులుతాయి, వాటిని బాగుచేసుకునే క్రమంలో వాపు, నొప్పి వస్తాయి. కొన్ని వారాల్లో మళ్ళీ దిగితే ఇంత నొప్పి ఉండదు, కండ అలవాటు పడుతుంది.

ఇక్కడ టైట్స్‌కి కొంత పని ఉంది. శ్రమ అయ్యాక కొన్ని గంటలు వేసుకుంటే నొప్పి కాస్త తక్కువగా అనిపిస్తుందనీ, కండ బలం కొంచెం త్వరగా తిరిగి వస్తుందనీ కొన్ని అధ్యయనాలు చూపించాయి. ఇందులో మనసు పాత్ర ఎంతో విడదీయడం కష్టం. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినట్టు ఉత్తుత్తి బిగుతు ఇవ్వలేం, వేసుకున్నవాడికి తెలిసిపోతుంది. అందుకే నేను పరుగుకి వద్దంటాను, పరుగయ్యాక కావాలంటే వేసుకోమంటాను. నిద్ర, తిండి సరిగ్గా లేనివాడికి అదీ దండగే.

అపోహ: ఎంత బిగిస్తే అంత మంచిది.

ఒక అబ్బాయి రెండు సైజులు చిన్న సాక్స్ కొన్నాడు. మోకాలి కింద పట్టీ దిగబడి పాదం ఉబ్బిపోయింది. పద్ధతిగా చేసిన సాక్స్‌లో చీలమండ దగ్గర బిగుతు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. వాడి కాలికి సరిగ్గా తలకిందులైంది. ఎత్తు చూసి కొనకండి, చీలమండనీ పిక్కనీ టేపుతో కొలుచుకోండి. తిమ్మిరెక్కినా, వేళ్ళ రంగు మారినా వెంటనే తీసేయండి.

అపోహ: గుడ్డే కదా, ఎవరైనా వేసుకోవచ్చు.

పోయిన వేసవిలో ఒక పెద్దాయన కొడుకు సాక్స్ తొడుక్కుని వచ్చారు, కాళ్ళు లాగుతున్నాయని. పన్నెండేళ్ళ షుగరు. విప్పించి చూస్తే బొటనవేలి పక్కన పుండు, ఆయనకి తెలియనే తెలియదు. పాదం మీద నాడి కూడా సరిగ్గా అందలేదు, అంటే రక్తం సరిగ్గా అందడం లేదేమోనని అనుమానం. అలాంటి కాలికి బిగుతు ప్రమాదం. ఆ సాక్స్ సంచిలో పెట్టించి, అటునుంచి అటే డాక్టరు దగ్గరికి పంపాను.