బీరువాలో ఏ పార్టులుంటే అదే కచేరీ

కమ్యూనిటీ ఆర్కెస్ట్రా అంటే జీతాల్లేని ఆర్కెస్ట్రా. టీచర్లు, నర్సులు, ఇంజినీర్లు, పదవీ విరమణ చేసినవాళ్లు వారానికో సాయంత్రం కలుస్తారు. రెండు, రెండున్నర గంటలు రిహార్సల్ చేస్తారు. అలా ఆరు నుంచి పది వారాలు గడిచాక ఒక కచేరీ, అలాంటి కచేరీలు నాలుగైదు కలిస్తే ఒక సీజన్. అమెరికా, బ్రిటన్‌లలో ఈ ఆర్కెస్ట్రాల సీజన్ పట్టికలు ఈమధ్య బాగా మారాయి. బీథోవెన్, బ్రామ్స్, డ్వోర్జాక్‌ల పక్కన ఫ్లోరెన్స్ ప్రైస్, లూయీజ్ ఫరాంక్, సాంజోర్జ్, ఆర్తూరో మార్కెస్ పేర్లు కనిపిస్తున్నాయి. వీళ్లు స్త్రీలు, నల్లజాతివాళ్లు, లాటిన్ అమెరికావాళ్లు. ఇన్నాళ్లూ వీళ్లెక్కడున్నారని అడిగితే వివక్ష అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. అబద్ధం కాదు. అయితే ఆ వివక్ష ఏ దారిన పనిచేసిందో తెలియాలంటే ఆర్కెస్ట్రా లైబ్రేరియన్ బీరువా తెరిచి చూడాలి.

ఒక సింఫనీ వాయించడానికి అన్ని వాద్యాలూ కలిపి రాసి కండక్టర్ ముందుంచే స్కోరు ఒక్కటే సరిపోదు. ప్రతి వాద్యానికీ విడిగా పార్టు రాసి ఉండాలి. తీగ వాద్యాలవాళ్లు ఇద్దరికొక స్టాండు చొప్పున కూర్చుంటారు. 10 మంది ఫస్ట్ వయొలిన్లు, 8 మంది సెకండ్ వయొలిన్లు, ఆరుగురేసి వయోలా, చెల్లోవాళ్లు, నలుగురు డబుల్ బాస్‌లు ఉన్నారనుకుంటే 5, 4, 3, 3, 2 చొప్పున 17 ప్రతులు కావాలి. ఊదే వాద్యాలకైతే మనిషికొకటి. నలభై నిమిషాల సింఫనీకి ఇవన్నీ కలిస్తే వందల పేజీలు. ఒక రచన బతికి బట్టకట్టాలంటే ఎవరో ఒకరు ఆ పేజీలను అచ్చు వేయాలి, లేదా కూలి ఇచ్చి చేత్తో రాయించాలి.

అచ్చు వేసినవాళ్లు ఎవరిని ఎంచుకున్నారన్నదే అసలు చరిత్ర. లైప్‌జిగ్‌లోని బ్రైట్‌కాఫ్ అండ్ హార్టెల్ సంస్థ 1862-65 మధ్య బీథోవెన్ సమగ్ర సంపుటాలను, 1877-83 మధ్య మొజార్ట్ సంపుటాలను తెచ్చింది. కాపీరైట్ లేని ఇలాంటి పాత అచ్చులను అమెరికాలో 1926లో మొదలైన కాల్మస్ సంస్థ చౌకగా పునర్ముద్రించి అమ్మింది. చందాల మీద నడిచే ఆర్కెస్ట్రాకు ఇంతకంటే ఏం కావాలి? ఒకసారి కొంటే అద్దె లేదు, తిరిగి పంపే గడువు లేదు. బోయింగులు, అంటే కమాను ఎటు లాగాలో చెప్పే గుర్తులు కూడా పెన్సిల్‌తో గుర్తుపెట్టి ఉంటాయి కాబట్టి అయిదేళ్ల తర్వాత మళ్లీ తీసినప్పుడు పని సగం తగ్గుతుంది. సంఘం మారినా, కండక్టర్ మారినా బీరువా మారదు. అభిరుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఈ బీరువాదే.

ఆ సంపుటాల ఒరవడిలో చోటు దక్కనివాళ్లలో సాంజోర్జ్ ఒకరు. అసలు పేరు జోసెఫ్ బొలోన్. 1745లో గ్వాడలూప్ దీవిలో, బానిసగా ఉన్న నానోన్ అనే స్త్రీకి పుట్టాడు. కత్తిసాములోనూ వయొలిన్‌లోనూ పారిస్‌లో పేరు మోసి, 1773లో ఒక ఆర్కెస్ట్రాకు నాయకుడయ్యాడు. దాని పేరు కోన్సేర్ దెజ్ అమాతర్, అంటే ఔత్సాహికుల కచేరీ. 1781లో అది మూతపడ్డాక ఆయన నడిపించిన మరో ఆర్కెస్ట్రా కోసమే హైడన్ తన ఆరు పారిస్ సింఫనీలు రాశాడు. హైడన్ సింఫనీలు ఈనాటికీ ప్రతి బీరువాలో ఉన్నాయి. వాటిని మొదట వాయించినవాళ్ల నాయకుడి సింఫనీలు మాత్రం నిన్నమొన్నటిదాకా ఎక్కడో గానీ దొరికేవి కావు.

చిన్న ఆర్కెస్ట్రాకు ఆయన ఓపస్ 11 సింఫనీలు రెండూ అచ్చంగా సరిపోతాయి. రెండు ఓబోలు, రెండు హార్న్‌లు, తీగ వాద్యాలు ఉంటే చాలు, పాతికమందితో కానిచ్చేయొచ్చు. చిక్కులు రెండు. పాత అచ్చులో హార్న్ పార్టు ఆనాటి మీటల్లేని సహజ హార్న్‌కు రాసినది, రచన శ్రుతిని బట్టి దాని స్థాయి మారుతుంది. ఎఫ్ హార్న్ పార్టులు చదవడానికే అలవాటుపడ్డ ఔత్సాహికుడికి దాన్ని మార్చి రాసి ఇవ్వకపోతే మొదటి రిహార్సల్ అక్కడే ఆగుతుంది. రెండోది, డి మేజర్‌లోని రెండో సింఫనీ, ‘లామాన్ అనోనీమ్’ ఆపెరా ఓవర్చర్ (ప్రారంభ సంగీతం) ఒకటే సంగీతం. అవి వేర్వేరనుకుని ఒకే సీజన్‌లో రెండు చోట్ల వేసుకుంటే నవ్వులపాలవుతారు. కరపత్రంలో ఆయన్ని ‘నల్ల మొజార్ట్’ అని రాయడం కూడా మానుకోవాలి. మొజార్ట్ కంటే పదేళ్లు పెద్దవాడాయన.

లూయీజ్ ఫరాంక్ కథ వేరు. ఈమె 1842 నుంచి మూడు దశాబ్దాలపాటు పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పియానో ప్రొఫెసర్. మగ ప్రొఫెసర్లతో సమానంగా జీతం అడిగి సాధించుకున్న మనిషి. 1847లో రాసిన మూడో సింఫనీని 1849లో కన్సర్వేటరీ కచేరీ సంఘమే వాయించింది. అయినా ఆమె సింఫనీల పార్టులు ఆమె బతికుండగా అచ్చు కాలేదు. పరిష్కరించిన ప్రతులు మార్కెట్లోకి రావడం 1990ల చివర్లో మొదలైంది, అంటే నూటయాభై ఏళ్ల ఆలస్యం. ఈ సింఫనీలో ట్రంపెట్లు, ట్రాంబోన్లు లేవు. ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాలో ఇదొక సమస్యే కాదు. కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో మాత్రం చందా కట్టి, ఎక్కడినుంచో బండి నడుపుకుంటూ వచ్చే ట్రాంబోన్ మనిషిని పది వారాలు ఖాళీగా కూర్చోబెడితే వచ్చే సీజన్‌కు రాడు. అందుకే ఫరాంక్ సింఫనీ వేసే కచేరీలో మొదటి సగానికి బ్రాస్‌కు (ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాద్యాలకు) పని ఉన్న రచన ఒకటి జతచేస్తారు. శామ్యూల్ కోల్రిడ్జ్-టేలర్ రాసిన ఎ మైనర్ బలాడ్ అలాంటిది, పన్నెండు నిమిషాలు పడుతుంది.

తండ్రి సియెర్రా లియోన్‌వాడైన ఈ లండన్ స్వరకర్తకు 1898లో ఇరవై మూడేళ్లు. స్వరకర్త ఎల్గార్ సిఫారసుతో ఇంగ్లండ్‌లోని త్రీ క్వైర్స్ సంగీత ఉత్సవానికి ఆ బలాడ్ రాశాడు. అదే ఏడాది వచ్చిన ‘హయవాథాస్ వెడ్డింగ్ ఫీస్ట్’ అనే గాయకబృంద రచన ఇంగ్లండ్ అంతా మారుమోగింది. కానీ దాని హక్కులను 15 గినీలకు ఏకమొత్తంగా అమ్మేసుకున్నందువల్ల అమ్మకాల డబ్బు ఆయన చేతికి రాలేదు. 1912లో 37 ఏళ్లకే పోయాడు. 1914లో బ్రిటన్‌లో పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడటానికి ముందు సాగిన చర్చల్లో ఈయన ఉదంతం ప్రస్తావనకు వచ్చింది. ఈయన రచనలకు ఇప్పుడు కాపీరైట్ లేదు.

అమెరికాలో 1930ల ఆరంభం చూస్తే తలుపులు తెరుచుకున్నట్టే అనిపిస్తుంది. 1931లో విలియం గ్రాంట్ స్టిల్ రాసిన ఆఫ్రో-అమెరికన్ సింఫనీని రోచెస్టర్‌లో, 1933 జూన్ 15న ఫ్లోరెన్స్ ప్రైస్ మొదటి సింఫనీని షికాగోలో, 1934లో విలియం డాసన్ నీగ్రో ఫోక్ సింఫనీని ఫిలడెల్ఫియాలో పేరున్న ఆర్కెస్ట్రాలు వాయించాయి. మూడేళ్లలో మూడు. ఆ తర్వాత వీటి దారులు వేరయ్యాయి. స్టిల్ సింఫనీ 1935లోనే అచ్చయింది కాబట్టి అడపాదడపా వినిపిస్తూనే వచ్చింది. ప్రైస్ మొదటి సింఫనీ అచ్చయింది 2008లో. అదీ ఆమె పోయిన 55 ఏళ్లకు.

1943లో ఆమె బోస్టన్ కండక్టర్ కుసెవిట్‌స్కీకి రాసిన ఉత్తరంలో తనకు రెండు అవరోధాలున్నాయని, ఒకటి తన లింగం, ఇంకొకటి తన జాతి అని మొదటే చెప్పేసింది. ఫలితం లేకపోయింది. 2009లో ఇల్లినాయ్‌లోని సెయింట్ ఆన్ అనే ఊళ్లో, ఒకప్పుడు ఆమె వేసవుల్లో ఉన్న పాడుబడ్డ ఇల్లు బాగుచేయించబోతే కాగితాల కట్టలు బయటపడ్డాయి. అందులో రెండు వయొలిన్ కన్చెర్టోలు, నాలుగో సింఫనీ ఉన్నాయి. ఆ నాలుగో సింఫనీని 2018లో మొదటిసారి వాయించింది న్యూయార్కో బోస్టనో కాదు, ఆమె పుట్టిన ఆర్కన్సా రాష్ట్రంలోని ఫోర్ట్ స్మిత్ సింఫనీ. అదే ఏడాది జి. షర్మర్ సంస్థ ఆమె రచనల హక్కులు తీసుకుంది. పార్టులు అద్దెకు దొరకడం మొదలైంది. తర్వాతి నాలుగైదేళ్లలో ప్రైస్ పేరు ఎందుకంతగా వినిపించిందో ఈ ఒక్క విషయమే చాలావరకు చెబుతుంది.

ఇలా దొరికిన రచనలకు తొలిసారి పార్టులు తయారుచేసినప్పుడు తప్పులు రాక మానవు. ప్రతి పార్టులోనూ మొత్తం బార్లు (తాళ విభాగాలు) స్కోరుతో సరిపోయాయా, సాధనలో చోటు చెప్పుకోవడానికి పెట్టే రిహార్సల్ అక్షరాలు ఒకే బార్ మీద పడ్డాయా, క్లారినెట్ వాద్యకారుడు మధ్యలో ఎ శ్రుతి వాద్యం నుంచి బి ఫ్లాట్‌కు మారినచోట ఆ మాట రాశారా అని పంచకముందే చూసుకోవాలి. లైబ్రేరియన్‌కు ఒక సాయంత్రం పని. చూసుకోకపోతే అరవైమంది కూర్చున్నచోట ఒక్కో తప్పుకీ పది నిమిషాలు పోతాయి. వారానికొక్క రిహార్సల్ ఉన్నవాళ్లకు అది మామూలు నష్టం కాదు.

ప్రైస్ మొదటి సింఫనీలో అసలు పరీక్ష రెండో భాగం. చర్చి కీర్తనలాంటి స్వరాన్ని పదిమంది బ్రాస్, అంటే నాలుగు హార్న్‌లు, రెండు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, ఒక ట్యూబా, మెల్లగా సాగదీసి వాయించాలి. బ్రాస్‌తో విడిగా కనీసం ఒక రిహార్సల్ పెట్టి, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో రాసి ఇవ్వకపోతే వాక్యం మధ్యలో తెగుతుంది, శ్రుతి దిగుతుంది. మూడో భాగం జూబా నృత్యం. డోళ్లు వాయించనివ్వని తోటల్లో బానిసలు ఒళ్లు చరుచుకుంటూ తాళం వేసిన ఆట అది. దాన్ని పోల్కాలా ప్రతి దెబ్బకూ బరువేసి వాయిస్తే చచ్చుబడిపోతుంది. కింది తీగలు తేలిగ్గా, స్థిరంగా నడవాలి. పైన వయొలిన్లు దెబ్బ తప్పించి పడాలి. స్టిల్ సింఫనీ మూడో భాగంలో టెనర్ బాంజో ఉంది. దానికి మనిషి దొరక్క ఈ రచనను పక్కన పెట్టేవాళ్లున్నారు. నిజానికి టెనర్ బాంజో శ్రుతి సి-జి-డి-ఎ, అచ్చం వయోలాదే. చొరవ ఉన్న వయోలా వాద్యకారుడు కొన్ని వారాల సాధనతో నెట్టుకురాగలడు.

పార్టుల కొరతను ముందే గుర్తించినవాడు ఫిలడెల్ఫియా వ్యాపారి ఎడ్విన్ ఫ్లైషర్. తాను 1909లో పెట్టిన సింఫనీ క్లబ్ సాధన కోసం పార్టులు కొంటూ పోయి, ఆ నిధిని 1929లో ఆ నగర ఫ్రీ లైబ్రరీకి ఇచ్చేశాడు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద లేఖకులు కూర్చుని, అచ్చుకాని అమెరికన్ రచనలకు చేత్తో పార్టులు తీశారు. 1941-42లో కండక్టర్ నికొలాస్ స్లోనిమ్‌స్కీ లాటిన్ అమెరికా అంతా తిరిగి అక్కడి స్కోర్లు సేకరించాడు. ఈ లైబ్రరీ ఇప్పటికీ ఆర్కెస్ట్రాలకు పార్టులు అరువిస్తుంది. 1981 నుంచి 2004 దాకా శాన్‌ఫ్రాన్సిస్కోలో నడిచిన విమెన్స్ ఫిల్‌హార్మోనిక్ స్త్రీల రచనలకు అదే పని చేసింది. 1970లలో పాల్ ఫ్రీమన్ కండక్టర్‌గా కొలంబియా సంస్థ తెచ్చిన నల్లజాతి స్వరకర్తల రికార్డులు వినడానికి దొరికాయి. కానీ రికార్డు విని ముచ్చటపడితే సరిపోదు, పార్టు కావాలిగా. ఇదంతా జరిగినా 2014-15 సీజన్‌లో 22 పెద్ద అమెరికన్ ఆర్కెస్ట్రాల పట్టికలను బాల్టిమోర్ సింఫనీ లెక్కగడితే స్త్రీల రచనల వాటా 1.8 శాతం.

2020లో అమెరికాలో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత వచ్చిన ఒత్తిడి అందరికీ తెలిసిందే. అంతగా చెప్పుకోని కారణం కొవిడ్. ఊదే వాద్యాలు మాస్కుతో వాయించలేరు, వేదిక మీద దూరం పాటించాలి. దాంతో తీగ వాద్యాలకే రాసిన చిన్న రచనల కోసం అందరూ వెతికారు. జార్జ్ వాకర్ 1946 నాటి లిరిక్ ఫర్ స్ట్రింగ్స్, జెస్సీ మాంట్‌గోమరీ స్టార్‌బర్స్ట్ అలా ఊరూరా చేరాయి.

కొత్త పేర్లన్నీ కచేరీ మొదట్లో, ఆరేడు నిమిషాల ముక్కలుగానే ఎందుకుంటాయని విమర్శ ఉంది. అమెరికాలో నల్లజాతి చరిత్ర మాసమైన ఫిబ్రవరిలో నల్లజాతి స్వరకర్త, స్త్రీల చరిత్ర మాసమైన మార్చిలో స్త్రీ, మిగతా నెలల్లో మళ్లీ పాత వరసే అన్న ఎత్తిపొడుపూ ఉంది. రెండూ న్యాయమైనవే. అయితే మొదటిదానికి డబ్బు కారణం కూడా ఉంది. అద్దె సాధారణంగా రచన నిడివిని, ప్రదర్శనల సంఖ్యను బట్టి ఉంటుంది. నలభై నిమిషాల అద్దె సింఫనీ ఒక కచేరీ పార్టుల ఖర్చంతా తినేస్తుంది. ఆరు నిమిషాలదైతే తట్టుకోవచ్చు. అంచేత సీజన్‌కొక పెద్ద అద్దె రచన పెట్టుకుని, మిగతా కచేరీలను కాపీరైట్ లేని ఫరాంక్, సాంజోర్జ్, కోల్రిడ్జ్-టేలర్, అమెరికన్ స్వరకర్త ఏమీ బీచ్‌లతో నింపడం తెలివైన పద్ధతి. బీచ్ గేలిక్ సింఫనీ 1896 నాటిది, పూర్తి నిడివి సింఫనీ, రెండో సగమంతా దానికే ఇవ్వొచ్చు. ఫ్లోరెన్స్ ప్రైస్ విషయంలో జాగ్రత్త. మరణం తర్వాత 70 ఏళ్లని లెక్కించే దేశాల్లో ఆమె హక్కులు చాలావరకు 2023తో ముగిశాయి. అమెరికాలో లెక్క ప్రచురణ తేదీని బట్టి మారుతుంది. హక్కులు ముగిసినచోట కూడా కొత్తగా పరిష్కరించిన పార్టులు ప్రచురణకర్త దగ్గరే ఉంటాయి.

అద్దె పార్టులు మామూలుగా వచ్చే గడువు ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రాలకు సరిపోతుంది, వారానికొకసారి కలిసేవాళ్లకు సరిపోదు. మెక్సికో స్వరకర్త మార్కెస్ రాసిన దాన్‌సోన్ నంబర్ 2 లాంటిదైతే మరీ. క్లావెస్ అనే చెక్క పుల్లలు కొట్టే మనిషికి ఆ దెబ్బల వరస ఒంటికి పట్టడానికే వారాలు పడుతుంది. అతన్ని వేదిక వెనక్కి నెడితే శబ్దం ఆలస్యంగా చేరి ఆర్కెస్ట్రా మొత్తం ఈడుస్తుంది. అందుకే ఆర్డరిచ్చేటప్పుడే అదనపు వారాలు అడిగి, ఆ రుసుము కూడా బడ్జెట్‌లో వేసుకోవాలి. కచేరీ అయ్యాక పార్టులు పెన్సిల్ గీతలు చెరిపి తిరిగి పంపాలి. చెరిపే ముందు బోయింగులను, దొరికిన తప్పుల పట్టికను వేరే కాగితం మీద ఎత్తి రాసుకుని బీరువాలో పెట్టుకోవాలి. అదే రచనను మళ్లీ అద్దెకు తెచ్చుకున్నప్పుడు ఆ కాగితం చూసుకుని పని మొదలుపెట్టొచ్చు.