కడగక్కర్లేని ఫొటో

పిల్లలూ,

సంక్రాంతికి మీరు పర్లాకిమిడి వచ్చినప్పుడు చిన్నదాన్ని కేకలేశాను. తీసిన వెంటనే ఫొటో ఇచ్చే మీ కొత్త కెమెరాలోంచి వచ్చిన ఫొటోని అది విసనకర్రలా ఊపేస్తుంటే చూసి ఊరుకోలేకపోయాను. అలిగి వెళ్లి మామ్మ పక్కన కూర్చుంది. ఇంటినిండా చుట్టాలు, ఎందుకు వద్దన్నానో చెప్పే తీరిక ఆ రోజు దొరకలేదు. ఇప్పుడు చెప్తాను.

నేను ఫొటో స్టూడియో నడిపిన రోజుల్లో కెమెరాలో ఎక్కించే ఫిల్ము రీలుకి 36 ఫొటోలు. అవన్నీ అయ్యాకే రీలు బయటికి తీసేది. కొందరి ఇళ్లలో సంక్రాంతికి ఎక్కించిన రీలు ఉగాది దాకా సాగేది. ఆ తర్వాత ఫొటోలు కడిగించాలి. నలుపు తెలుపు అయితే చీకటిగదిలో ఎర్రబల్బు కింద బొమ్మ తేల్చే డెవలపర్ మందు పళ్లెం, ఆ బొమ్మని చెరగకుండా నిలిపే హైపో మందు పళ్లెం పెట్టుకుని నేనే కడిగేవాణ్ణి. రంగుల రీలు బరంపురం పంపాల్సిందే.

1943లో అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే ఆయన, భార్యాబిడ్డలతో శాంటా ఫే ఊరికి సెలవులకు వెళ్లాడు. కూతురికి ఫొటో తీస్తే, మూడేళ్ల ఆ పిల్ల "ఇప్పుడే ఎందుకు చూడకూడదు?" అని అడిగిందట. నా స్టూడియోలో ఈ ప్రశ్న అడగని పిల్లలు లేరు. "వచ్చేవారం రామ్మా" అని పంపించేసేవాణ్ణి. ఆయనకి మాత్రం ఆ మాట బుర్రలో పడి తొలిచింది. 1947 ఫిబ్రవరిలో న్యూయార్కులో శాస్త్రవేత్తల ముందు నిమిషంలో ఫొటో తయారుచేసి చూపించాడు. మరుసటి ఏడాది నవంబరులో బోస్టన్‌లో ఆయన కంపెనీ పొలరాయిడ్ కెమెరా అమ్మకానికి వచ్చింది. ధర దగ్గర దగ్గర 90 డాలర్లు. రంగుల ఫిల్ము 1963లో వచ్చింది.

ఆ తొలి ఫొటోల కాగితాన్ని పొర ఒలిచినట్టు ఒలవాలి. చేతికొచ్చేసరికి తడితడిగా ఉండేవి, అందుకని ఊపి ఆరబెట్టేవాళ్లు. 1972లో ఎస్‌ఎక్స్-70 అనే మడత కెమెరా వచ్చాక ఫొటో పొడిగా, మూసి ఉన్న అట్టలా బయటికొచ్చింది. ఆరబెట్టే పని లేదు, అయినా ఊపే అలవాటు మాత్రం పోలేదు. ఊపితే లోపలి పొరలు విడిపోయి బొమ్మ మీద మరకలు పడొచ్చు.

కింద వెడల్పుగా ఉన్న తెల్ల పట్టీ అందం కోసం పెట్టారనుకున్నారు కదూ? మందు సంచి దాగేది అందులోనే. ఫొటో బయటికొచ్చేటప్పుడు రెండు రోలర్ల మధ్య నలుగుతుంది. చెరకు గానుగ గుర్తుందిగా, అలా అన్నమాట. సంచి చిట్లి మందు పొరల మధ్య సమంగా పరుచుకుంటుంది. వెలుగు తగలని చోటి రంగులు మెల్లగా పైకొచ్చి బొమ్మ కడతాయి. నేను గదికి గడియపెట్టుకుని చేసే పనంతా ఆ అట్టలోనే జరిగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు కొంచెం అసూయ కలిగిందనే చెప్పాలి.

ఇంకో సంగతి. సంతరోజున కొండల మీంచి వచ్చిన ఒక సవర జంటని స్టూడియో మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీశాను. చక్కగా వచ్చింది. పెద్దది చేయించి అద్దాల షోకేసులో పెట్టాను. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, అందరూ ఆగి చూసి మెచ్చుకునేవాళ్లు. ఆ దంపతులు మాత్రం మళ్లీ రాలేదు. ఏ ఊరివాళ్లో నేను అడగనూ లేదు. ఫొటో దిగింది వాళ్లు, పేరు నాకు.

మీ చిన్నది ఏం చేసింది? గుమ్మంలోకి వచ్చిన తేగలమ్మిని ఫొటో తీసి, బొమ్మ కట్టగానే ఆవిడ చేతిలోనే పెట్టేసింది. ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుని వెళ్లింది. తర్వాత మనది "నాకు లేకుండా పోయింది" అని ఏడుపు! మళ్లీ అచ్చు తీసుకోడానికి నెగెటివ్ లేని ఫొటో తల్లీ అది, ఒకరికిస్తే ఇంకొకరికి ఉండదు. ఫోన్‌లో వెయ్యి తీసినా ఆ తేగలమ్మికి ఒక్కటీ దక్కేది కాదు.

పొలరాయిడ్ కంపెనీ 2001లో దివాలా తీసింది, 2008లో ఫిల్ము ఆపేస్తున్నామంది. కొందరు పిచ్చి ప్రేమికులు నెదర్లాండ్స్‌లోని దాని ఆఖరి ఫ్యాక్టరీని నిలబెట్టి 2010లో మళ్లీ ఫిల్ము తెచ్చారు. మీ దగ్గరున్న కెమెరా జపాన్‌వాళ్ల ఇన్‌స్టాక్స్, 1998 నుంచి ఉంది.

వేసవిలో వచ్చేటప్పుడు ఫిల్ము డబ్బాలు రెండు తెండి, డబ్బులు నేనిస్తాను. ఎండకి రంగులు పాడవుతాయి కాబట్టి రైల్లో కిటికీ పక్కన పెట్టకండి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెడదాం, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. సంతరోజున చిన్నదాన్ని నేనే తీసుకెళ్తాను.

మీ తాతయ్య