మనకు పొసగని నవల చదవడం: అపోహలు - వాస్తవాలు

కాల్పనిక సాహిత్యాన్ని బోధించే నాకు ప్రతి కొత్త తరగతిలోనూ ఒక దృశ్యం ఎదురవుతుంది. తన నమ్మకాలకు పొసగని నవల చేతికి రాగానే ఎవరో ఒకరు పెన్సిలు తీసి, పేజీ అంచున "తప్పు" అని రాయడం మొదలుపెడతారు. రాయవద్దని నేనెప్పుడూ అనను. ఆ గీత సరిగ్గా ఏ వాక్యం కింద పడిందో మాత్రం అడుగుతాను.

అపోహ: మెచ్చుకుంటూ చదివితే ఆ భావజాలాన్ని ఒప్పుకున్నట్టే.

వాస్తవం: 1888 ఏప్రిల్‌లో ఇంగ్లిష్ నవలా రచయిత్రి మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో మార్క్స్ సహచరుడైన కమ్యూనిస్టు సిద్ధాంతకర్త ఏంగెల్స్, ఆర్థిక విషయాల్లో సైతం తాను చరిత్రకారుల నుంచీ ఆర్థికవేత్తల నుంచీ నేర్చుకున్నదానికంటే ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ నుంచి నేర్చుకున్నదే ఎక్కువన్నాడు. బాల్జాక్ రాచరిక పక్షపాతి. ఆ నవలలు చదివి ఏంగెల్స్ రాచరికవాది కాలేదు సరికదా, బాల్జాక్ తాను అభిమానించిన ప్రభువులనే అందరికంటే పదునుగా ఎగతాళి చేశాడని గమనించాడు.

అపోహ: కథనంలో వచ్చిన అభిప్రాయం రచయితదే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. తరగతి కోసం నేను అల్లుకున్న మూడు వాక్యాలు చూడండి. "అతను కిటికీలోంచి చూశాడు. కూలీలు చెట్టు నీడన కూర్చున్నారు. పనిదొంగలకు ఎండెప్పుడూ ఎక్కువే." మొదటి రెండూ కథకుడివి. మూడోది కిటికీ దగ్గర నిలబడ్డ మనిషిది. "అనుకున్నాడు" అన్న క్రియ, ఉల్లేఖన చిహ్నాలు లేకపోవడం వల్ల అది కథకుడి మాటలాగా వినిపిస్తుంది. కూలీలు తెల్లవారుజామునే పనిలోకి దిగారని రెండు పేజీల ముందే చెప్పి ఉంటే ఆ వాక్యం యజమాని మీద వ్యంగ్యం. అలాంటిదేదీ నవలలో ఎక్కడా లేకపోతే అనుమానం రచయిత వైపే తిరుగుతుంది.

ఈ భేదాన్ని అడ్డం పెట్టుకొని రచయితను ప్రతిసారీ తప్పించడమూ కుదరదు. కాన్రాడ్ రాసిన 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'ను విమర్శిస్తూ 1975లో చేసిన ప్రసంగంలో నైజీరియా నవలాకారుడు చినువా అచేబె ఈ సమర్థనను ముందే ఊహించాడు. ఆ నవలలో ఆఫ్రికన్ల పట్ల కనిపించే చిన్నచూపు మార్లో అనే కథకుడిదే అనుకుందామన్నా, దాన్ని కొలిచి చూడడానికి మరో చూపును కాన్రాడ్ ఎక్కడా సూచించలేదన్నది అతని వాదన. విమర్శ అంటే ఇలా ఉండాలని నా అభిప్రాయం.

అపోహ: మంచి పాఠకుడు తన నమ్మకాలను పక్కనబెట్టి చదవాలి.

వాస్తవం: అది సాధ్యమూ కాదు, అవసరమూ లేదు. దయ్యాలున్నాయని కథకుడు చెబితే మారుమాట లేకుండా ఒప్పుకునే మనసు, క్రూరత్వాన్ని ధర్మమంటే మాత్రం మొరాయిస్తుంది. పాత రచనల్లోని శాస్త్రీయ పొరపాట్లను క్షమించినంత సులువుగా నైతిక విషయాలను క్షమించలేమని స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లోనే గుర్తించాడు. ఆ మొరాయింపును అణచుకోకుండా, అది ఏ మాట దగ్గర మొదలైందో వెతకడమే పాఠకుడి పని. అచేబె ఆఫ్రికన్‌గానే చదివాడు, ఆ చదువు వల్లే ఇతరులకు కనబడనిది అతనికి కనబడింది.

అపోహ: నచ్చకపోయినా చివరిదాకా చదివి తీరాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఎంతవరకు చదివారో చెబితే చాలు. ఒకప్పుడు నలభై పేజీల దగ్గర మూసేసిన నవల మీద నేను గంటసేపు ఉపన్యసించి, రచయిత భావాలను తూర్పారబట్టాను. వింటున్నవారిలో ఒకరు లేచి, ఆ భావాలను చివరి అధ్యాయంలో నవలే చీల్చి చెండాడిందని మర్యాదగా చెప్పారు.