పిన్ను మారితే వోల్టేజి మారదు: గిటార్ యాంప్‌ల గురించి అపోహలు - వాస్తవాలు

నా వర్క్‌షాపుకు వచ్చే గిటారిస్టులు గోడ వెంట వరుసగా ఉన్న యాంప్‌లను (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫైయర్లను) చూసి, వీటన్నింటికీ ఎంత ఖర్చయిందని అడుగుతారు. అందులో నేను కొన్నవి తక్కువ. చాలావరకు కాలిపోయి మరమ్మతుకు వచ్చి, యజమానులు ఆశ వదులుకోవడం వల్ల నా దగ్గర నిలిచిపోయినవే. ఏది ఎందువల్ల పాడైందో నాకు బాగా గుర్తుంది. ఆ కారణాలలో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఒకటుంది కాబట్టి, ముందుగా దాని గురించే వివరంగా రాస్తాను.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన యాంప్‌కు మన పిన్ను తగిలిస్తే చాలు.

వాస్తవం: వాల్వు యాంప్‌ను (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాక్యూమ్ గొట్టాలతో పనిచేసే యాంప్‌ను) పాడుచేయడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజి జోలికి పోదు. ఈ అపోహ ఎలా పుట్టిందో తెలుసు కాబట్టి నమ్మినవారిని నేను తప్పుపట్టను. ల్యాప్‌టాప్ ఛార్జరు మీద 100-240 వోల్టులని రాసి ఉంటుంది కనుక, అది ఏ దేశంలోనైనా పిన్ను మార్చగానే పనిచేస్తుంది. ఆ అనుభవంతో యాంప్‌కూ అదే చాలనుకుంటారు. కానీ వాల్వు యాంప్‌లో సాధారణంగా ఉండేది ఇనుప కోరు చుట్టూ రాగితీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్. 120 వోల్టులకు చుట్టిన ప్రైమరీకి (గోడ కరెంటును అందుకునే చుట్టకు) 230 ఇస్తే కోరు ఇక అయస్కాంత ప్రవాహాన్ని మోయలేక సంతృప్తమై, కరెంటు ఒక్కసారిగా పెరిగిపోతుంది. 6.3 వోల్టుల మీద వెలగవలసిన వాల్వు హీటర్లకు దాదాపు 12 వోల్టులు అందుతాయి. 400 వోల్టుల పైచిలుకు ఉండవలసిన హెచ్.టి. (వాల్వులకు అందే అధిక వోల్టేజి) రెట్టింపు వైపు పరుగెత్తడంతో, 450 లేదా 500 వోల్టులు మాత్రమే ఓర్చుకునే ఫిల్టర్ కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోతాయి.

నా వరుసలో ఉన్న 22 వాట్ల వాల్వు యాంప్ అలా వచ్చినదే. గుంటూరు దగ్గర ఒక చర్చిలో గిటార్ వాయించే కుర్రవాడికి, డాలస్‌లో ఉంటున్న వాళ్ల అక్క సెలవుకు వస్తూ దాన్ని మోసుకొచ్చి ఇచ్చింది. అడాప్టర్ పెట్టి స్విచ్ వేయగానే ఫ్యూజు పోయింది. అంటే ఫ్యూజు తన పని తాను సరిగ్గా చేసి యాంప్‌ను కాపాడింది. అక్కడితో ఆగి ఉంటే చాలా చిన్న ఖర్చుతో బయటపడేవారు. ఎవరో తెలిసినాయన ఆ ఫ్యూజు మీద రాగితీగ చుట్టి మళ్లీ స్విచ్ వేశారు. పొగ వచ్చింది. నా దగ్గరకు తెచ్చేసరికి ప్రైమరీ వైండింగు మాడి ఉంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకరు మాత్రం క్షేమంగా ఉన్నాయి. అతను డబ్బు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "అక్కకు ఏం చెప్పాలి సార్?" అని మాత్రం పదే పదే అడిగాడు. జరిగినది జరిగినట్టు చెప్పమన్నాను. ఆవిడ ఫోనులో తమ్ముడికి దెబ్బ తగల్లేదు కదా అని మాత్రమే అడిగిందట. 230 వోల్టుల ప్రైమరీ ఉన్న కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు అప్పట్లో అతనికి అందుబాటులో లేకపోవడంతో, దానికి బదులుగా నా దగ్గరున్న ఒక ట్రాన్సిస్టర్ యాంప్ తీసుకువెళ్లాడు. తరువాత నేను ఆ ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించి బిగించాను. రికార్డింగు పని పడినప్పుడల్లా అతను వచ్చి ఆ యాంప్ మీదనే వాయించుకుంటాడు.

కాబట్టి అమెరికా నుంచి యాంప్ రాగానే వెనక పలక చదవండి. 100-240 అని ఉంటే భయం లేదు. వోల్టేజి సెలెక్టరు ఉంటే, ప్లగ్ పెట్టకముందే దాన్ని 230కి మార్చి, ఫ్యూజు విలువ కూడా అక్కడ రాసినట్టే మార్చండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే, మన 230 వోల్టులను తగ్గించి ఇచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. దాని సైజును యాంప్ అవుట్‌పుట్ వాట్లను బట్టి ఎంచుకోకూడదు. 22 వాట్ల వాల్వు యాంప్ గోడ నుంచి 100 వాట్లకు పైగా లాగుతుంది. పలక మీద ఉన్న వినియోగానికి కనీసం ఒకటిన్నర రెట్ల వీఏ (వోల్ట్-ఆంపియర్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యపు కొలత) ఉన్నది తీసుకోండి. హెయిర్ డ్రయ్యరు కోసం అమ్మే తేలికపాటి ఎలక్ట్రానిక్ కన్వర్టరు ఈ పనికి అసలు పనికిరాదు.

స్టెప్‌డౌన్ వోల్టేజిని తగ్గిస్తుంది గాని హెర్ట్జ్‌ను మార్చదు. కేవలం 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 50 హెర్ట్జ్ దగ్గర అవే 120 వోల్టులు ఇస్తే కోరులో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరిగి, అది మరింత వేడెక్కుతుంది. మన బజారులో దొరికే స్టెప్‌డౌన్‌లు ఎక్కువగా 110 వోల్టులవే కావడంతో, 120 రావడం లేదని కొందరు ఆందోళన పడతారు. నిజానికి ఇక్కడ 110 ఉండడమే మేలు, ఎందుకంటే అప్పుడు ఆ పెరుగుదల 10 శాతానికి దిగుతుంది, హీటర్లకు తగ్గేది కొద్దిపాటి వోల్టేజే. ఎక్కువసేపు వాయించేవారు మాత్రం గంట తరువాత ట్రాన్స్‌ఫార్మర్ ఎంత వేడెక్కిందో టెక్నీషియను చేత చూపించుకోవాలి.

అపోహ: హమ్ (గుయ్‌మనే మోత) వస్తోంది కాబట్టి ఎర్త్ పిన్ను తీసేయవచ్చు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. గిటార్ తీగలు బ్రిడ్జి (తీగలు ఆనే లోహపు భాగం) ద్వారా, కేబులు ద్వారా నేరుగా యాంప్ చాసిస్‌కు (లోపలి లోహపు చట్రానికి) కలిసి ఉంటాయి. లోపల ఏదైనా లీకై చాసిస్‌కు కరెంటు వస్తే, అది మీ వేళ్ల దాకా వస్తుంది. అప్పుడు పెదవులు మైకుకు తగిలితే ప్రాణానికే ముప్పు. చవక స్టెప్‌డౌన్‌లలో మూడో రంధ్రం ఉన్నా లోపల వైరు ఉండకపోవచ్చు కనుక, కొనేటప్పుడే మల్టీమీటరుతో పరీక్షించి తీసుకోండి. మా నాన్నగారు తెనాలిలో మైకు సెట్లు అద్దెకిచ్చేవారు. పందిరి ఎక్కడైనా సరే, ఇనుప కడ్డీ పాతి, నీళ్లు పోసి, ఎర్త్ సరిచూసుకున్న తరువాతే ఎవరికైనా మైకు అందించేవారు. ఆయన వాడిన అహూజా యాంప్లిఫైయరే నా వరుసలో మొదటిది. నేను గిటార్ మొదట వాయించింది అందులోనే.

అపోహ: వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపవుతుంది.

వాస్తవం: పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. హోటల్ బ్యాండు మానేసిన ఒక మిత్రుడు ఇచ్చిన 100 వాట్ల హెడ్ (స్పీకరు లేని విడి యాంప్) నా దగ్గర ఉంది. అపార్టుమెంటులో అది తన అసలు స్వరం పలికే దాకా ఎవరూ వాల్యూమ్ పెంచలేరు. ఇంటికి 5 నుంచి 15 వాట్ల వాల్వు యాంప్ చాలు.

అపోహ: ట్రాన్సిస్టర్ యాంప్‌లు నేర్చుకునేవారి కోసమే.

వాస్తవం: 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120లో వాల్వు ఒక్కటీ లేదు. దాని శుభ్రమైన టోను కోసం ఇప్పటికీ నిపుణులు దాన్ని కోరి వాడుతున్నారు.

అపోహ: వాల్వులు పాతబడితే యాంప్ పని అయిపోయినట్టే.

వాస్తవం: వాల్వు మార్చదగినదే. సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీయాంప్ వాల్వులు ఏళ్ల తరబడి పనిచేస్తాయి, ముందు అరిగేవి స్పీకరును నడిపే పవర్ వాల్వులు. వాక్స్ ఏసీ15 అనే గిటార్ యాంప్‌లో ఉండే ఈఎల్84 పవర్ వాల్వునే పాత వాల్వు రేడియోల్లోనూ వాడేవారు. మన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా దాన్ని తయారుచేసింది. నా ఏసీ15లో ఇప్పుడున్న జత, కోఠిలో రేడియోలు బాగుచేసిన ఒక పెద్దాయన రేకు డబ్బాలోంచి తీసి ఇచ్చినది. అయితే స్పీకరు కలపకుండా వాల్వు యాంప్‌ను ఎప్పుడూ వాయించకండి, వాల్యూమ్ తగ్గించినా సరే, ఎందుకంటే అప్పుడు దెబ్బతినేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్.

ఇప్పటికే యాంప్ కాల్చుకున్నవారు దాన్ని తుక్కుకు వేయవద్దు. ప్లగ్ తీసేసి అలాగే ఉంచండి. మూత విప్పకండి, కరెంటు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా పారేయనివ్వకండి. దాని మీది పార్ట్ నంబరు ఆధారంగానే 230 వోల్టులకు సరిపోయే జోడీని వెతకగలం, అది దొరకకపోతే అదే కోరు మీద కొత్తగా వైండింగు చేయించగలం.